మంగళవారం డబ్బా

బైండరమ్మకు శుభ్రమన్నా, అందమన్నా ప్రాణం. ముప్పై ఏళ్ళుగా భర్తతో కలిసి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే షాపు నడుపుతోంది. అట్ట మూల నూలుపోగంత వంకర పోయినా ఊడబెరికి మళ్ళీ అతికించే మనిషి. అలాంటి మనిషి చేతిలో ఆసుపత్రివాళ్ళు ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టి, మూతకు లోపలివైపు అతుక్కుని ఉన్న చిన్న చెంచాను చూపించి, "వారం వారం ఇది నింపి పంపాలమ్మా" అన్నప్పుడు ఆవిడకు ముందు సంగతి అర్థం కాలేదు.

"ఏం నింపాలండీ?"

కళ్ళజోడు పెట్టుకున్న ల్యాబాయన, ఆ మాట రోజుకు పదిసార్లు చెప్పే అలవాటున్నవాడిలా, "మలం" అన్నాడు. "ఎక్కువ అక్కర్లేదు, చెంచాడు చాలు."

బైండరమ్మ మొహం కందిపోయింది. కింద చూడాలో పైన చూడాలో తెలియక గోడమీద క్యాలెండరు చూసింది. పక్కన కూర్చున్న ఆడపడుచు మాత్రం గది దద్దరిల్లేలా నవ్వింది.

"చెంచాడేంటండీ! మా వదిన ఏది పెట్టినా ధారాళంగా పెడుతుంది."

"నోరు ముయ్యవే, నీకు పుణ్యముంటుంది" అంది బైండరమ్మ పళ్ళ బిగువున.

ఈ ఆడపడుచు సిటీ బస్సు డ్రైవరు. గొంతు పెద్దది. డిపోలో అందరూ ఆమెను హారన్ అంటారు, ఇంట్లోవాళ్ళూ అదే అంటారు. వదినా ఆడపడుచులు ఇలా పక్కపక్కన కూర్చుని కీచులాడుకోవడం చూస్తే, వీళ్ళిద్దరూ పదకొండేళ్ళు మాట్లాడుకోలేదంటే ఎవరూ నమ్మరు. ఆ తగాదా ఒక ఫొటో దగ్గర వచ్చింది. ఇంటి ఫొటోలన్నీ కలిపి బైండరమ్మ ఆల్బమ్ కుట్టింది. ఒక ఫొటో పేజీలో పట్టకపోతే అంచు అరంగుళం కోసింది. ఆ అరంగుళంలో హారన్ ఎడమ చెవి పోయింది. "మా వదిన నా చెవి కోసింది" అని హారన్ చుట్టాలందరికీ చెప్పుకుంది. "చెవి ఉంటే మాత్రం ఎవరి మాటన్నా వింటుందా" అని బైండరమ్మ అంది. ఆ మాట మోసేవాళ్ళు మోశారు. అంతే, రాకపోకలు బంద్.

తర్వాత బైండరమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. డయాలిసిస్ మీద ఏడాదిన్నర గడిచింది. భర్త తన కిడ్నీ ఇస్తానన్నాడు గానీ ఆయనకు షుగరు, పనికిరాదన్నారు. ఒకరోజు పట్టపగలు, షాపు ఎదుట బస్సు ఆపి, ప్యాసింజర్లను కూర్చోబెట్టి, హారన్ దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఊళ్ళో నా బస్సెక్కే ప్రతివాడికీ తెలుసు, నాకు చెప్పాలని తోచలేదా అన్నయ్యా? నాది ఏ గ్రూపో అడగాలని లేదా?"

పదకొండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆమె అన్న మొదటి మాట అది. బైండరమ్మ చేతిలో జిగురు కుంచె అలాగే ఉండిపోయింది. "బస్సులో జనం ఎండలో ఉన్నారు, ముందు వెళ్ళు" అంది. హారన్ వెళ్ళింది. మర్నాడు తిరిగొచ్చి రక్తపరీక్షకు చెయ్యి చాచింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కుడివైపు పొత్తికడుపులో అమర్చిన ఆడపడుచు కిడ్నీ ఆ పూటే పనిలోకి దిగింది. "చెవి కోస్తే పదకొండేళ్ళు మాట మానేసింది, కిడ్నీ కోస్తే పూటకోసారి ఫోన్ చేస్తోంది" అన్నాడు భర్త. ఆయన ఏడాదికి ఇలాంటి మాట ఒకటి అంటాడు.

ఇబ్బంది తర్వాత మొదలైంది. ఐదు నెలల్లో మూడుసార్లు జ్వరం, వణుకు, మూత్రంలో మంట. మూడుసార్లూ వార్డు, సెలైను, ఘాటైన మందులు. తగ్గిందని ఇంటికొస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. అప్పుడే డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"మూడుసార్లూ ఒకే రకం క్రిమి కనిపించింది. అది బయటినుంచి రావట్లేదు, మీ పేగుల్లోనే కాపురం పెట్టి అక్కణ్ణించి వస్తోందని మా అనుమానం. మన పేగుల్లో వందల రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. చాలావరకు మనకి మేలు చేసేవే. అవి కిక్కిరిసి ఉన్నంతకాలం చెడ్డదానికి చోటు దొరకదు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా మీ నిరోధక శక్తిని మందులతో తగ్గించాం. పైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్స్. వాటికి మనవాళ్ళు, పైవాళ్ళు అని తేడా తెలీదు. మంచివాటినీ ఊడ్చేశాయి. ఖాళీ అయిన చోట మొండిది ఒకటి పెరిగిపోయింది."

హారన్ చటుక్కున అందుకుంది. "అంటే మామూలు జనాన్ని దించేశారు, బస్సు నిండా ఒకే రౌడీ మూక ఎక్కి కూర్చుంది."

డాక్టరమ్మ నవ్వింది. "అదే. ఎవరెక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో వారం వారం చూద్దాం. ఒకటే రకం మరీ పెరిగిపోతుంటే ఇన్ఫెక్షన్ రాబోతోందని ముందే పసిగట్టగలమా అని మేం పరిశోధిస్తున్నాం. కచ్చితంగా తెలుస్తుందని మాటివ్వలేను. మీకిష్టమైతేనే చేరండి."

అలా వచ్చింది ఆ డబ్బా.

మొదటి వారం బైండరమ్మ స్నానాలగదిలో అరగంట ఉండి, బయటికొచ్చి ఎవరి మొహమూ చూడలేదు. డబ్బాను సంచిలో సీలు వేసి, ఐసు ముక్క పెట్టిన అట్టపెట్టెలో దించింది. ఆ అట్టపెట్టె చూసింది. మట్టిరంగుది, మూలలు నలిగింది, పక్కన ఎవరో గీసిన పెన్ను గీతలు. లోపల ఉన్నది ఎలాగూ తన చేతిలో లేదు. పైనున్నదైనా మనిషి చూసేలా ఉండద్దా? షాపులోంచి నీలం, బంగారం రంగులు అలలు అలలుగా కలిసిన కాగితం తెచ్చి, పెట్టెకు అంచులు కుదిరేలా అతికించి, ఎర్ర దారంతో ముడి వేసింది. అది చేశాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

రద్దీ బస్సులెక్కద్దని ఆవిడకు డాక్టరమ్మ ఆంక్ష. భర్తకు మోకాళ్ళ నొప్పులు. హారన్ నడిపే బస్సు షాపు ముందునుంచే పోయి ఆసుపత్రి దగ్గర ఆగుతుంది. అందుకని ప్రతి మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ఎదుటి స్టాపులో బస్సు రెండుసార్లు కూత పెట్టేది. భర్త రోడ్డు దాటి కిటికీలోంచి పెట్టె అందించేవాడు. ముందు సీట్లో వాళ్ళు, అంత ముచ్చటైన పెట్టెలో ఏముందమ్మా అని అడిగితే, "మా వదిన బంగారం" అనేది హారన్.

అలా ఏడు మంగళవారాలు సాఫీగా గడిచాయి. ఎనిమిదో వారం షాపులో ఊపిరి సలపని పని. విశ్వవిద్యాలయం విద్యార్థుల పరిశోధన గ్రంథాలు, నలభై రెండు, శుక్రవారానికి ఇవ్వాలి. పాత పుస్తకాల దుమ్ము, బూజు బైండరమ్మకు పనికిరావన్నారు కాబట్టి అవన్నీ భర్త చూసుకునేవాడు. కొత్త కాగితం పని మాత్రం ఆవిడదే. మూతికి మాస్కు కట్టుకుని కుట్టు మీద కూర్చుంటే లోకం గుర్తుండదు.

ఆదివారం నుంచీ ఆవిడకు మూత్రంలో కొద్దిగా మంటగా ఉంది. కుడివైపు పొత్తికడుపులో ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుంది. జ్వరం లేదు. నీళ్ళు తక్కువ తాగి ఉంటాను అనుకుంది. శుక్రవారం గడవనీ అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పెట్టె యథాప్రకారం వెళ్ళింది. సాయంత్రం హారన్ డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా షాపులోకి వచ్చి బల్లమీద బోర్లా పడి నవ్వడం మొదలెట్టింది.

"ఏమైందే? చెప్పి నవ్వు" అంది బైండరమ్మ.

"వదినా, నీ పెట్టె స్టేజీ ఎక్కింది."

"ఏ స్టేజీ?"

"మా డిపో స్టేజీ! ఇవాళ మా కంట్రోలరు గారి రిటైర్మెంటు. పొద్దుటి ట్రిప్పులో బస్సు డిపోలో పావుగంట ఆగుతుంది కదా, పెట్టె ఆఫీసు బల్లమీద పెట్టి సంతకం చెయ్యడానికెళ్ళాను. వచ్చేసరికి పెట్టె లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అడిగితే, గిఫ్టులన్నీ హాల్లోకి మోసుకెళ్ళాం అన్నారు. పరిగెత్తుకెళ్ళాను. దండ వేసుకుని కూర్చున్నారు పెద్దమనిషి. ముందు ఇరవై గిఫ్టులున్నాయి. గడియారాలు, శాలువాలు, ఏవేవో. ఆయన అన్నీ పక్కకి తోసి, ఏది చేతిలోకి తీసుకున్నాడో చెప్పుకో."

"అయ్యో, అయ్యో" అని బైండరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఇంత కళగా చుట్టింది ఎవరో గానీ, ముందు ఇదే విప్పుతాను అన్నాడు. మైకులో! ఎర్ర దారం ముడి మీద చెయ్యి వేశాడు. నేను గుమ్మంలోంచే అరిచాను, సార్, దాన్ని ముట్టుకోకండీ అని. హాలంతా గప్‌చిప్. ఏమ్మా, ఇది నాకు కాదా అన్నాడు. కాదండీ, మా వదినది, ల్యాబుకెళ్ళాలి అన్నాను. ల్యాబుకా, ఏముంది ఇందులో అన్నాడు. మైకు ఇంకా ఆయన నోటి దగ్గరే ఉంది."

"చెప్పావా?"

"ఏం చెయ్యమంటావు? చెప్పాను."

బైండరమ్మ గొంతులోంచి ఒక కీచు శబ్దం వచ్చింది. అది ఏడుపో నవ్వో ఆవిడకే తెలియలేదు.

"ముందు వరసలో ఒకాయన కుర్చీలోంచి జారాడు. కంట్రోలరు గారు మాత్రం పెట్టెని రెండు చేతులతో, పసిపిల్లని దించినట్టు, మెల్లగా బల్లమీద పెట్టాడు. మీ వదినకి కిడ్నీ ఇచ్చింది నువ్వే కదమ్మా అన్నాడు. అవునన్నాను. ఐసు కరిగిపోదూ మరి, డిపో జీపు తియ్యండి, నా సర్వీసులో ఇదే ఆఖరి ఆర్డరు అన్నాడు. అందరూ చప్పట్లు! నీ చెంచాడికి చప్పట్లు, వదినా!"

అప్పటిదాకా ఆపుకున్న బైండరమ్మ పగలబడి నవ్వింది. పెళ్ళినాటి నుంచీ భర్త ఆవిడ అంతలా నవ్వడం చూడలేదు. ఆయనా గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి ఆవిడ హఠాత్తుగా కుడివైపు కడుపు పట్టుకుని వంగిపోయింది.

"ఏంటి వదినా?" హారన్ నవ్వు ఆగిపోయింది.

"ఏం లేదు. నవ్వితే పట్టేసింది."

"నిజమేనా?"

"నిజమేనే తల్లీ. ఆ పెద్దాయనకి ఒక పెట్టె చేసి పంపాలి, పాపం" అని మాట మార్చింది. ఆ రాత్రే అదే కాగితంతో ఖాళీ పెట్టె ఒకటి చేసి, మర్నాడు డిపోకు పంపింది కూడా.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"మంగళవారం శాంపిల్ చూశామమ్మా. పోయిన వారం దాకా ఆ మొండి క్రిమి పదిలో రెండు వంతులుండేది. ఇప్పుడు పదిలో ఎనిమిది వంతులు అదే. జ్వరం ఉందా?"

"లేదండీ."

"మంట ఉందా? కిడ్నీ పెట్టిన చోట నొప్పి?"

బైండరమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా భర్త అట్టకు జిగురు రాస్తున్నాడు. ఆయన కుంచె ఆగింది.

"ఆదివారం నుంచి" అంది చివరికి, చిన్నపిల్ల తప్పు ఒప్పుకున్నట్టు.

"అన్నీ అక్కడ పెట్టేసి బయల్దేరండి. భయపడద్దు. ఇంకా మొదట్లోనే ఉన్నట్టుంది."

భర్త చేతులు కడుక్కున్నాడు. షాపు షట్టరు దించాడు. ఆవిణ్ణి ఆటో ఎక్కించాడు. సగం దూరం వెళ్ళాక, రోడ్డు వైపు చూస్తూనే, "నాకైనా చెప్పచ్చుగా" అన్నాడు. అంతే. ఆ రెండు మాటలకు ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు.

మూత్రం పరీక్షలో అదే క్రిమి దొరికింది. కిడ్నీకి ఇంకా దెబ్బ తగల్లేదు, రక్తంలోకీ పాకలేదు. గంటలో హారన్ ఊడిపడింది. వార్డు చివరినుంచే ఆమె అడుగుల చప్పుడు వినబడింది. మంచం దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నవ్వితే పట్టేసిందా?"

బైండరమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. "నీకు చెప్పడానికే నాకు మొహం చెల్లలేదు. నీ ఒంట్లోంచి తీసిచ్చావు. మూడుసార్లు అయింది, ఇది నాలుగోది. నువ్విచ్చినదాన్ని పాడు చేసుకుంటున్నానని..."

"ఆపు." హారన్ గొంతు చాలా చిన్నగా వచ్చింది. అంత చిన్నగా మాట్లాడగలదని అన్నకు కూడా తెలియదు. "ఇచ్చాక అది నాదెలా అవుతుంది వదినా? నీది. దానిమీద నాకేం హక్కు లేదు. పోతే ఆ ముక్క పోతుంది, వెధవది. నువ్వే పోతే నేనెవరితో పోట్లాడాలి చెప్పు? అన్నయ్యతోనా? ఏదన్నా అంటే ఆయన తిరిగి అనడు కూడా."

భర్త మందుల చీటీ వెనక నవ్వు దాచుకున్నాడు. బైండరమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఆడపడుచు చెంపమీద మెల్లగా ఒకటి వేసింది.

"ఇంకెప్పుడూ దాచను. సరేనా?"

"దాచలేవు కూడా. నీ కడుపులో విషయాలన్నీ ఇప్పుడు నా బస్సులోనే పోతున్నాయి."

ఈసారి వైద్యం వేరుగా నడిచింది. ముందు మూడుసార్లూ జ్వరం పేలిపోతుండగా వచ్చింది కాబట్టి, ఏ క్రిమి అని చూసే వ్యవధి లేక, అన్నిటినీ తుడిచిపెట్టే మందులు ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు శత్రువెవరో తెలుసు, వ్యవధీ ఉంది. దానిమీదే గురిగా పనిచేసే మందు ఒకటి, అదీ వారం రోజులే ఇచ్చారు. మూడో రోజుకు ఇంటికి పంపేశారు. నలభై రెండు పుస్తకాలూ సోమవారానికి వెళ్ళాయి. విశ్వవిద్యాలయం ఏమీ కూలిపోలేదు.

ఆ తర్వాత మంచివాటిని మళ్ళీ పోగుచెయ్యడం అనే పని మొదలైంది. బాగా ఉడికించిన కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తియ్యని గింజలు రకరకాలుగా తినమన్నారు. పచ్చివి, బయటివి వద్దన్నారు. అవసరం లేని యాంటీబయాటిక్ ఒక్కటి కూడా ముట్టద్దన్నారు. ఆ సూక్ష్మజీవులకు తిండి పెట్టడం భర్త తన భుజాన వేసుకున్నాడు. పొద్దున్నే ముక్కలు తరుగుతూ, "ఇవాళ మనవాళ్ళకి చిక్కుళ్ళు" అనేవాడు. ఇంట్లో ఇంకా ఎవరో వందమంది ఉన్నట్టు.

నెలకోసారి ల్యాబాయన కంప్యూటరులో చూపించేవాడు. ఒక్కో వారానికి ఒక్కో నిలువు పట్టీ, ఒక్కో రకం జీవికి ఒక్కో రంగు. ఆ చెడ్డ వారం పట్టీ దాదాపు పైనుంచి కిందిదాకా ఆ మొండి క్రిమి నారింజరంగే. తర్వాతి నెలలో దాని కింద సన్నటి ఆకుపచ్చ గీత. ఆపై నెలలో ఊదా, పసుపు. ఐదో నెలకు నారింజరంగు ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఈ పసుపుదాని పేరేంటండీ?" అని అడిగింది బైండరమ్మ.

ల్యాబాయన నోరు తిరగని పేరొకటి చెప్పాడు. ఆవిడ రెండుసార్లు పలకబోయి వదిలేసింది. "ఎవరైతేనేం, బాగుంది. ఉండమనండి."

జ్వరం లేకుండా పది నెలలు గడిచాయి. ఒక బుధవారం డాక్టరమ్మ ఫైలు మూసి, "రద్దీ లేని వేళ, మాస్కు పెట్టుకుని, ఇక బస్సెక్కచ్చు" అంది.

ఆ సంగతి హారన్‌కు చెప్పలేదు. మర్నాడు పదకొండు గంటలకు మొగుడూ పెళ్ళాలిద్దరూ షాపుకు తాళం వేసి ఎదుటి స్టాపులో నిలబడ్డారు. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. బైండరమ్మ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. హారన్ ఒక క్షణం పోల్చుకోలేదు. తర్వాత బస్సంతా ఉలిక్కిపడేలా అరిచింది.

"వదినా! నువ్వేంటి ఇక్కడ? ఒంట్లో బాగాలేదా?"

"బాగుండబట్టే వచ్చాను. ముందు చూసి నడుపు."

డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. బస్సులో పది మందికి మించి లేరు. కిటికీలోంచి గాలి వస్తోంది. తెలిసిన వీధులే, ఆటోలో ఎన్నోసార్లు కళ్ళు మూసుకుని దాటిన వీధులే. కొత్తగా రంగులు వేసిన బడి గోడ, సైకిలు బాగుచేసే కొట్టు, మేడమీద ఆరేసిన దుప్పట్లు, అన్నీ మెడ తిప్పి తిప్పి చూసింది. భర్త ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. హారన్ బస్సు ఆపి తలుపు తీసింది. ముగ్గురు దిగారు. వదిన కదలకపోతే వెనక్కి తిరిగి చూసింది.

"దిగవా? వచ్చేశాం."

బైండరమ్మ ఆ గేటు వైపు చూసింది. మూడేళ్ళుగా ఆవిడకు ఈ రోడ్డు ఇక్కడితో ఆఖరు. దీని అవతల ఏముందో ఒక్కసారీ చూడలేదు.

"నాకిక్కడేం పని? పోనీ. ఈ బస్సు ఎందాకా పోతే అందాకా."

"చివర చెరువుగట్టు తప్ప ఏం లేదు వదినా. అరగంట ఆగి తిరిగొచ్చేస్తాం."

"అరగంట బోలెడు" అంది బైండరమ్మ, సీట్లో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.

హారన్ తలుపు మూసింది. బస్సు కదిలింది.